మెడ దగ్గర ప్లేటు

ఆ ఆదివారం పొద్దున ఆదోని కొండ వెనక, మేము ఒరిగిన బండ అని పిలుచుకునే చోట ఉన్నవి ఇవి. మనుషులు: నేను, ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చిన మా మేనమామ, నేను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లులోనే ఫిట్టరుగా ఉన్న, అందరూ అన్నా అని పిలిచే ఒకాయన, మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన. బళ్లు: నాది ఒకటి, అన్నది ఒకటి. సామాను: ఇనుము కోసే హ్యాక్సా ఒకటి, కొత్త బ్లేళ్లు మూడు, ఆకురాయి ఒకటి, పానాల సంచి, నీళ్ల క్యాను, బొరుగుల ఉగ్గాని పొట్లాలు, విడిగా కట్టించిన మిరపకాయ బజ్జీలు. మేకలను లెక్కపెట్టలేదు. అవి ఒక చోట నిలబడవు.

ఇవి కాక, హ్యాండిలు కింద నా బండి మెడకు రెండు పక్కలా మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప ప్లేట్లు. వాటిని నేను వేయలేదు. మేమంతా అక్కడ చేరింది వాటి కోసమే.

ట్రయల్స్ అనే ఈ బండి ఆట గురించి తెలియనివాళ్లకు ముందు రెండు మాటలు చెప్పాలి. దీనికి వాడేది పందెం బండి కాదు. మనిషి నడిచే వేగంతో, ఒక్కోసారి అంతకన్నా నిదానంగా, బండలు ఎక్కి దిగే బండి. సీటు ఉన్నా కూర్చోము, నిలబడే తోలుతాం. కాలు కింద తగిలితే తప్పు, బండి ఆగిపోతే ఇంకా పెద్ద తప్పు. ఆట అంతే. దీనికి మైదానం కట్టక్కర్లేదు, ప్రేక్షకులు అక్కర్లేదు. ఆదోని చుట్టూ కొండలు చూసినవాళ్లకు బండలకు కొదవ లేదని వేరే చెప్పనక్కర్లేదు.

మా దగ్గర దీన్ని మొదలుపెట్టింది ఆ ఫిట్టరు అన్నే. పత్తి సీజను అయిపోయి మిల్లులో యంత్రాలన్నీ విప్పి పెట్టిన ఒక ఎండాకాలం, ఆయన తన పాత బండికి సీటు, మడ్‌గార్డులు, హెడ్‌లైటు పీకేసి కొండమీదికి ఎక్కించాడు. ఆ బండి బరువు, ఆయన బరువు కలిస్తే బండలు కూడా ఒక మాట ఆలోచించుకుంటాయి. ఆయన భుజబలంతో ఎక్కేవాడు. నాకు అంతటి భుజాలు లేవు. డిప్లొమాలో మెకానికల్ చదివాను. కాబట్టి తేలికైన బండి కట్టాలనుకున్నాను.

ఇంజను పాత నూరు సీసీది, తుక్కులో దొరికింది. చక్రాలు, ఫోర్కు కూడా అలాంటివే. ఫ్రేము మాత్రం నేను గీసి, బళ్లారి నుంచి అతుకులేని సన్న గొట్టం తెప్పించి, ఎమ్మిగనూరులో మామ అంగట్లో కట్టించుకున్నాను. బండి మొత్తం తూకం అరవై ఎనిమిది కిలోలు.

మామ వెల్డింగు అంగడిలో తయారయ్యేవి: ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు, ఇనుప మంచాలు, కిటికీ చట్రాలు, పత్తి బోరాలు తోసే బండ్లు. అంగడి వెనక మూలలో ఒక బల్ల, ఇనుము బిగించి పట్టే ఒక వైసు నాకు ఇచ్చాడు. ఆయన ఖాళీగా ఉన్నప్పుడు గ్యాసు మంట కూడా నాదే. ఆదోనిలో మా ఇల్లు రెండు గదులు. మిల్లులో సొంత పనికి ఒప్పుకోరు. ఆ మూల లేకపోతే నాకు ఫ్రేము కట్టే చోటు ఇంకెక్కడా లేదు.

ఆ అంగట్లో ఒక ఆచారం ఉంది. మా వైపు వెల్డింగు అంగళ్లు చాలావాటిలో ఉంటుంది కానీ మామ దగ్గర అది దాదాపు పూజ. వస్తువు తయారయ్యాక దాన్ని ఊపి చూస్తారు. మంచమైతే నాలుగు కోళ్లూ పట్టుకొని, గేటైతే మీద ఎక్కి, ట్రాలీ అయితే పక్క రేకు పట్టుకొని ఇద్దరు మనుషులు ఊపుతారు. కదలకపోతేనే టెంకాయ. కొంచెం కదిలినా మామ వెంటనే ఇంకో ప్లేటు కోస్తాడు. ఆయన చేతి కింద నుంచి వెళ్లిన ఏ వస్తువుకైనా మూలల్లో మూడు మూలల ప్లేట్లు ఉంటాయి. మా ఇంట్లో దేవుడి పటం పెట్టుకునే స్టాండుకు కూడా ఉన్నాయి.

దీనికి కారణం ఉంది. నేను పుట్టకముందు మామ కట్టిన ఒక ట్రాలీ కొక్కెం, సంత రోజున నందవరం దారిలో వంగి సాగిపోయి, ఉల్లిగడ్డల మూటలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు, "ఏమన్నా, ఉల్లిగడ్డలు ఏరుకున్న్యారా అందరూ?" అంటారు. మామ నవ్వుతాడు. నవ్వి వచ్చి ప్లేటు కోస్తాడు.

నా ఫ్రేము మీద అలాంటివాడు ఒకడు చేయి వేశాడు. నందవరం వైపు నుంచి ట్రాలీ బేరానికి వచ్చిన రైతు. బల్లకు బిగించి ఉన్న ఫ్రేమును, ఎవరూ అడగకుండానే, మెడ దగ్గర పట్టుకొని ఊపాడు. అది కొంచెం మెలి తిరిగి వెనక్కి వచ్చింది.

"ఏంప్పా, ఇది ఇట్ల ఊగుతాంది?" అన్నాడు.

"ఊగాలనే చేసినాను."

"ఊగేదానికి ఊయ్యాల ఉంది కదప్పా. బండి యాల?" మామ వైపు తిరిగాడు. "ఏమన్నా, ఇంగ మా ట్రాలీ కూడా ఇట్లే పాట పాడుతాదా?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు.

నేను ఆ రైతుకు చెప్పాలనుకొని చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. నా కొలత పద్ధతి ఇది. ఫ్రేము వెనక భాగాన్ని బల్లకు బోల్టులతో బిగిస్తాను. ముందు, హ్యాండిలు తిరిగే పొట్టి గొట్టాన్ని మెడ అంటాం. ఆ మెడకు అడ్డంగా, పక్కకు మీటరు పొడవు వచ్చేట్టు, మందమైన పైపు కడతాను. పైపు కొనకు ఇరవై కిలోల తూకపురాయి వేలాడదీస్తాను. ఫ్రేము మెలి తిరుగుతుంది, కొన కిందికి దిగుతుంది. ఎంత దిగిందో స్కేలు పెట్టి చూస్తాను. రాయి తీసేశాక కొన మళ్లీ మొదటి గీత దగ్గరికి రావాలి. వస్తే అది ఊగడం. రాకపోతే అది వంగడం. ఈ రెండూ ఒకటి కాదు. మామ కొక్కెం ఊగలేదు, వంగింది. ఎమ్మిగనూరులో నేను పడిన పోట్లాట అంతా ఈ తేడా గురించే.

నేను కట్టిన మొదటి ఫ్రేము ఇరవై మూడు మిల్లీమీటర్లు దిగింది. అది పనికిరాదు. హ్యాండిలు తిప్పితే ముందు చక్రం కాసేపు ఆలోచించుకొని తిరిగేది. దాన్ని ఎవరూ చెప్పకుండానే కోసి తుక్కులో వేశాను. రెండో ఫ్రేముకు మెడ కింద ఒక సన్న గొట్టం అడ్డంగా వేశాను. అది పదకొండు దిగింది. మామ అనుకున్నట్టు నాకు ఊగడం మీద మోజు లేదు. ఎంత ఊగాలి అనేదానికి ఒక అంకె ఉండాలన్నదే నా పట్టుదల.

అసలు ఎందుకు ఊగాలి? బండి నిటారుగా ఉన్నప్పుడు స్ప్రింగులు పనిచేస్తాయి. అవి పైకీ కిందికీ తప్ప కదలలేవు. ఒరిగిన బండ మీద బండి పక్కకు వాలి ఉంటుంది, రాతి అంచు దెబ్బ పక్క నుంచి వస్తుంది. ఆ వైపు స్ప్రింగు లేదు. ఉన్నది ఫ్రేమే. అది కొంచెం మెలి తిరిగి టైరును రాతికి అదిమి ఉంచి, దెబ్బ దాటాక తన చోటికి రావాలి. కదలనని మొండికేస్తే టైరు ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు.

ఆ రైతు వచ్చిపోయిన వారం మిల్లులో గేర్‌బాక్సు పని పడి నేను ఎమ్మిగనూరు పోలేదు. శుక్రవారం సాయంత్రం బస్సు దిగి అంగట్లోకి పోయేసరికి బండి మొత్తం బిగించి బయట నిలబెట్టి ఉంది. ఫ్రేముకు కొత్త పెయింటు. నీలం. ట్రాలీలకు వేసే నీలమే. మెడ నుంచి కింది గొట్టం దాకా, రెండు పక్కలా, అరచేయంత వెడల్పున ప్లేట్లు. వాటి మీద పసుపు, కుంకుమ. హ్యాండిలుకు నిమ్మకాయ.

మామ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఊపు," అన్నాడు.

"ఎవరేసినారు మామా ఇవి?"

"ఎవరేస్తారు? నేనే. నువ్వు లేకుంటే పని ఆగల్లనా? ఊపు ముందు."

పట్టుకొని ఊపాను. బండి కదల్లేదు, నేనే కదిలాను.

"సూసినావా," అన్నాడు మామ. "ఇంగ ఏ నాకొడుకన్నా వచ్చి ఊపుకోనీ."

నేను ఇంజను దించాను. చక్రాలు తీశాను. ఫ్రేమును బల్లకు బిగించి, పైపు కట్టి, రాయి వేలాడదీశాను. నాలుగు మిల్లీమీటర్లు దిగింది. తూకం వేస్తే కిలో నాలుగు వందల గ్రాములు పెరిగింది. ఆ రెండు అంకెలూ మామకు చెప్పాను.

"నాలుగే కదా. మంచిదే కదా," అన్నాడు.

"పదకొండు కావాలని కట్టినాను మామా. ఇది నా ఫ్రేము కాదు ఇప్పుడు. నీ ట్రాలీ."

"ట్రాలీ అంటే తక్కువా?"

"తక్కువ అనలేదు. ట్రాలీ బండ ఎక్కదు."

"అబ్బీ, నువ్వు బల్ల మీద రాయి పెట్టి కొలుస్తావు. జనం చేత్తో కొలుస్తారు. నీ పదకొండు వాళ్లకు యాడ కనపడతాది? ఊగేది కనపడతాది. నా అంగట్ల ఊగే వస్తువు చేస్తారని ఊరంతా అంటారు. ఒకతూరి అనిపించుకున్న్యా. చాలు."

"తీసేస్తాను," అన్నాను.

మామ నా వైపు తిరిగాడు. కోపంగా కూడా కాదు. "తీసినావంటే మూల ఖాళీ చెయ్యి. నీ రాయి, నీ పైపు, నీ గొట్టాలు, అన్నీ ఆదోనికి ఎత్తుకపో. నేను వేసిన ప్లేటును నా అంగట్ల కోసేది నేను సూడలేను."

"అయితే నీ అంగట్ల కోయను. ఆదివారం ఆదోనికి రా. నీ ప్లేటుతోనే ముందు ఎక్కుతాను. ఎక్కిందంటే అది అట్లనే ఉంటాది, నేను మళ్లీ నోరెత్తను. ఎక్కలేదంటే ఆడనే, నీ ముందరే కోస్తాను."

"కోస్తే మూల లేదు. మాట మార్చను."

"నేనూ మార్చను మామా."

తర్వాత బండిని ప్లేట్లతోనే మళ్లీ బిగించి ఆదోనికి తోలుకొచ్చాను.

ఆదివారం ఆరు గంటలకే బండ దగ్గర ఉన్నాం. ఎండ ఇంకా రాతికి తగల్లేదు. ఒరిగిన బండ మనిషి ఎత్తుకు రెండింతలు ఉంటుంది, ఎడమకు వాలి ఉంటుంది, నడుమ మోకాలెత్తు మెట్టు ఒకటి అడ్డంగా ఉంటుంది. ఆ మెట్టు దగ్గరే అందరూ కాలు పెడతారు. అన్న ఒక్కడే అప్పుడప్పుడు దాటేవాడు, దాటినప్పుడల్లా రెండు రోజులు నడుము పట్టుకొని తిరిగేవాడు.

మామ తువ్వాలు పరుచుకొని కూర్చున్నాడు. మేకల పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

ప్లేట్లతో మొదటిసారి ఎక్కాను. ముందు చక్రం మెట్టు దాటింది. వెనక చక్రం అంచుకు తగలగానే టైరు బంతిలా ఎగిరి కుడికి జారింది. కాలు పెట్టాను. రెండోసారి ఇంకొంచెం నిదానంగా. అదే. టైరులో గాలి తగ్గించాను. కొంచెం మెరుగు, అయినా ఎగిరింది. నిటారుగా నిలబడి తోలాను, కిందికి వంగి తోలాను. ఒకసారి బండీ నేనూ వేరువేరుగా కిందికి వచ్చాం.

"ఏం తమ్మీ," అన్నాడు అన్న, బజ్జీ నములుతూ, "బండ నిన్ను వద్దంటాందా, బండిని వద్దంటాందా?"

"ప్లేటును వద్దంటాంది."

మామ తువ్వాలు మీద నుంచే అన్నాడు. "బండి బాగనే ఉంది. తోలేవానికి రాదు."

"మామ సెప్పింది నిజమే కావచ్చు," అన్నాడు అన్న. "ఇవ్వు, నేను సూస్తా."

అన్న ఎక్కాడు. ఆయన భుజాలతో మెట్టు దగ్గర బండిని ఎత్తేశాడు. అయినా వెనక టైరు ఎగిరింది. ఆయన కాలు పెట్టలేదు, ఏకంగా బండ మీద కూలబడ్డాడు.

మేకల పెద్దాయన అంతసేపటికి నోరు తెరిచాడు. "ఏమప్పా, మేకలకు యాడా ప్లేట్లు లేవే. అవి ఎట్ల ఎక్కుతాండాయి?"

"మేకకు పెట్రోలు కూడా లేదు తాతా," అన్నాడు అన్న, నడుము రుద్దుకుంటూ.

నేను ఇంకా కొన్నిసార్లు ప్రయత్నించాను. మామ వేసిన ప్లేటుకు న్యాయం జరగాలి. సరిగా ప్రయత్నించకుండా కోశానని ఆయన అనకూడదు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఒక్కసారి కూడా మెట్టు శుభ్రంగా దాటలేదు. అప్పుడు బండిని పక్కకు పడుకోబెట్టి, సంచిలో నుంచి హ్యాక్సా తీశాను.

అన్న బజ్జీ పొట్లం మూశాడు.

మామ ప్లేటును పూర్తిగా అంటించలేదు. అంచుల వెంట చుక్కల్లాగా టాకాలు వేశాడు, ఒక్కో పక్క ఆరు. అందుకే కోయడం సాధ్యమైంది. ప్లేటుకూ గొట్టానికీ మధ్య బ్లేడు పెట్టి మొదటి టాకా కోయడం మొదలుపెట్టాను. నీలం పొడి రాలింది, తర్వాత తెల్లటి ఇనుప పొడి.

"కోస్తాండావా," అన్నాడు మామ.

"కోస్తాండాను."

"మూల లేదు."

"తెలుసు మామా."

ఎడమ పక్క ప్లేటు ఊడేసరికి ఎండ బండ మీదికి వచ్చింది. ఒక బ్లేడు విరిగింది. ప్లేటు కింది కొన దగ్గర పెయింటులో వెంట్రుక లాంటి గీత కనిపించింది. నేను దాని కోసమే చూస్తున్నాను. సన్న గొట్టం మీద మందమైన ప్లేటు ఎక్కడ ఆగిపోతుందో, అక్కడే గొట్టం పగులుతుందని నేను చదువుకున్నాను.

"ఇది సూడు మామా. పగులు."

మామ వచ్చి వంగి, బొటనవేలితో గట్టిగా రుద్దాడు. గీత పోయింది. కింద గొట్టం నిగనిగలాడింది.

"పెయింటు," అన్నాడు.

పెయింటే. ఒప్పుకున్నాను. ఇంకో పక్కకు తిప్పి రెండో ప్లేటు మొదలుపెట్టాను. ఈసారి మామ తువ్వాలు దగ్గరికి పోలేదు. పక్కనే గొంతు కూర్చొని చూస్తున్నాడు.

ఆ ఫ్రేములో ప్లేట్ల టాకాలు కరెంటు ఆర్కుతో వేసినవి, కానీ అసలు అతుకులన్నీ ఇత్తడివి. గొట్టం గోడ ఒకటిన్నర మిల్లీమీటరు. దానికి ఆర్కు పనికిరాదని నేను చెప్పకముందే మామ గ్యాసు మంట అందుకున్నాడు. ఇత్తడి కడ్డీ కరిగించి, మెడ చుట్టూ, తడి వేలితో రుద్దినంత నున్నగా పారించాడు. నేను గీసిన గీతల్లో ఆ నునుపు లేదు. ఇరవై కిలోల రాయికి ఫ్రేము మెలి తిరిగి మళ్లీ గీత దగ్గరికి వస్తోందంటే అది గొట్టం గొప్ప మాత్రమే కాదు. అతుకు వదలకపోవడం కూడా. రెండో ప్లేటు చివరి టాకా ఆ ఇత్తడికి ఆనుకొని ఉంది. నేను బ్లేడు అక్కడ పెట్టి లాగాను. బ్లేడు జారి ఇత్తడి మీద గీరింది.

"ఆపు," అన్నాడు మామ.

ఆపాను.

"హ్యాక్సా అట్ల పడతారా? ఇత్తడిలోకి పోతాంది. మెడ తెగుతాది." నా చేతిలో నుంచి లాక్కున్నాడు. "డిప్లొమాలో హ్యాక్సా పట్టుకునేది సెప్పలేదా?"

"సెప్పినారు. రాతిమీద పండబెట్టి కోసేది సెప్పలేదు."

బ్లేడును పక్కకు వంచి, రెండు వేళ్లతో దాని వీపు మీద ఒత్తుతూ, చిన్న చిన్నగా లాగాడు. ఇత్తడికి తగలకుండా టాకా ఒక్కటే తెగింది. ప్లేటు టంగుమని బండ మీద పడింది. ఒక మేక ఎగిరి అవతలికి పోయింది. మామ ఆకురాయి కూడా అందుకొని, తెగిన చోట్లన్నీ, నేను కోసినవి కూడా, గొట్టానికి సమంగా రుద్దాడు. నీళ్లతో కడిగాడు. తువ్వాలుతో తుడిచాడు.

"ఆఖరిది కోసింది నువ్వే మామా," అన్నాను.

"నా ఇత్తడి కోసం కోసినా. నీ కోసం కాదు. మూల మాట మూల మాటే."

బండి నిలబెట్టి మొదటిసారి ఎక్కాను. కాలు పెట్టాను. ఇంతసేపు బిగుసుకుపోయిన ఫ్రేముకు అలవాటు పడి, కావలసినదానికన్నా గట్టిగా తోశాను.

రెండోసారి నిదానంగా, ఇంజను దాదాపు ఆగిపోయేంత నిదానంగా పోయాను. ముందు చక్రం మెట్టు దాటింది. వెనక చక్రం అంచుకు తగిలింది. కాళ్ల కింద ఫ్రేము పక్కకు మెలి తిరగడం పాదాలకు తెలిసింది, తిరిగి రావడం కూడా తెలిసింది. టైరు ఎగరలేదు. రాతిని పట్టుకొని పైకి వచ్చింది. పైన ఒక క్షణం అటూ ఇటూ ఊగాను, కాలు పెట్టలేదు. బండమీద నుంచి చూస్తే కింద ముగ్గురు, చుట్టూ మేకలు, అటు దూరంగా మిల్లుల రేకుల కప్పులు.

దిగి మళ్లీ ఎక్కాను. ఒకసారి ఎక్కితే అది అదృష్టం కావచ్చు. మళ్లీ ఎక్కాను. నడుమ ఒకసారి జారాను. మిగతా ప్రతిసారీ ఎక్కింది.

అన్న తన బండి వైపు ఒకసారి, నా బండి వైపు ఒకసారి చూసుకున్నాడు. "మామా," అన్నాడు మా మామతో, "నాకూ ఒకటి ఊగేది చేసి పెట్టు."

మామ లేచి వచ్చి బండి మెడ పట్టుకున్నాడు. గట్టిగా ఊపాడు. అది మెలి తిరిగి వెనక్కి వచ్చింది. ఆయన ముఖం చిట్లించాడు.

"ఇంగా ఊగుతాంది," అన్నాడు.

"ఊగుతాది మామా. ఎప్పుడూ ఊగుతాది."

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి ఆ బండి మీదే ఎమ్మిగనూరు పోయాను, మూల ఖాళీ చేయడానికే. గోనెసంచులు కూడా తీసుకుపోయాను. మూలలో నా బల్ల మీద ఏమీ కదల్చలేదు. పైపు అక్కడే, రాయి అక్కడే ఉన్నాయి. మామ ట్రాలీ కింద దూరి పని చేస్తున్నాడు, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ముందు కొలువు," అన్నాడు ట్రాలీ కింద నుంచి. "వంగిందేమో. వంగి ఉంటే నువ్వే తుక్కులో వేసుకొని పో."

ఇంజను, చక్రాలు విప్పి ఫ్రేమును బల్లకు బిగించాను. దారం కట్టి, మెడ నుంచి వెనక ఇరుసు దాకా చూశాను. ఎక్కడా వంకర లేదు. పైపు కట్టి గీత గీశాను. రాయి వేలాడదీశాను, కొలిచాను. రాయి తీశాను. కొన గీత దగ్గరికి వచ్చింది. మామ అప్పటికే బయటికి వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. గీతను తనే వంగి చూశాడు.

"మూల ఉంచుకో," అన్నాడు. "గానీ అది నా అంగడి పని అని ఎవరికీ సెప్పొద్దు. అడిగితే నువ్వు యాడనో చేయించుకున్న్యావను."

"సెప్తాను మామా. ఇత్తడి నీది. యాడనో చేయించుకున్నానని ఎట్లంటాను?"

"అంటే నా మర్యాద పోతాది."

"ఊగేది దాచిపెడితేనే మర్యాద పోతాది. నేను దాయను. రాసి పెడతాను."

"ఏం రాస్తావు?"

నీలం పెయింటు గీకేసి, ఫ్రేముకు ఏ రంగూ లేకుండా వార్నీషు మాత్రం పట్టించాను. మెడ చుట్టూ ఇత్తడి అందరికీ కనిపించాలి. తర్వాత తెల్ల పెయింటు, సన్న కుంచె తీసుకొని, జనం ఊపడానికి చేయి వేసే చోటే ఒక అంకె రాశాను. మామ చూశాడు. టీ తాగి వస్తానని పోయాడు.

ఆ తర్వాత ఆస్పరి నుంచి గేటు కోసం వచ్చిన ఒకాయన, మామూలుగానే, బండి మెడ పట్టుకొని ఊపాడు.

"ఏమన్నా, ఇది ఊగుతాంది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మామ, వెల్డింగు అద్దం ముఖం మీది నుంచి పైకెత్తి, విసుగ్గా అన్నాడు. "ఎంత ఊగుతాదో ఆడ రాసి ఉంది కదప్పా. సదువుకో."

అతను వంగి చదివాడు. అప్పటి నుంచి ఆ మూలలో కట్టిన ప్రతి ఫ్రేము మెడ మీదా దాని అంకె రాసే పంపుతున్నాను. అన్న ఫ్రేము ఆయన బరువుకు తగ్గట్టు ఎనిమిదికి కట్టాను. నాది ఆ సోమవారం మామ ముందు కొలిచినప్పుడు వచ్చింది పదకొండు మిల్లీమీటర్లు.